నోటితో గడగడా చెప్తాడు.. చదవమంటే తడబడతాడు!

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. ఇంగ్లిష్ మీడియంలో నాలుగో తరగతి. పాఠం మేం చదివి వినిపిస్తే జవాబులన్నీ గడగడా చెప్తాడు. తనను చదవమంటే కూడబలుక్కుంటూ రెండు లైన్లకే ఆగిపోతాడు. రాత్రి నేర్చుకున్న స్పెల్లింగులు పొద్దునకు గుర్తుండవు. టీచరేమో బద్ధకం అంటున్నారు. వాళ్ల నాన్న కూడా చిన్నప్పుడు ఇంతేనట. చాలా టెన్షన్‌గా ఉంది. మందులున్నాయా? - ఓ తల్లి, కరీంనగర్

సలహా: అమ్మా, మీరు రాసింది చూస్తే డిస్‌లెక్సియా కావచ్చనిపిస్తోంది. పరీక్షలు చేయనిదే ఖాయంగా చెప్పలేం. విన్నది అర్థం చేసుకుని జవాబు చెప్తున్నాడంటే తెలివికి లోటు లేదు, దీన్ని బద్ధకమనడం అన్యాయం. మాటలోని శబ్దాలను విడదీసి, ఒక్కోదాన్ని దాని అక్షరంతో కలపడంలో వచ్చే ఇబ్బందే డిస్‌లెక్సియా. వంశపారంపర్యంగా వస్తుంటుంది కాబట్టి వాళ్ల నాన్న సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పండి.

తెలుగులో చాలావరకు పలికినట్టే రాస్తాం. అయినా ఈ పిల్లలు ఒత్తులు, గుణింతాల దగ్గర చిక్కుకుంటారు. 'పుస్తకం' కాస్తా 'పుతకం' అవుతుంది. ఇంగ్లిష్‌లో కష్టం ఇంకా ఎక్కువ. 'నైట్'లో జి, హెచ్ రాయాలి, పలకకూడదు!

తప్పు రాసిన మాటను యాభైసార్లు రాయిస్తుంటే దయచేసి ఆపండి. చేయి నొప్పి పుడుతుందే తప్ప శబ్దానికీ అక్షరానికీ లంకె పడదు. బదులుగా 'క్యాట్' అని పలికించి, అందులోని మూడు శబ్దాలకు మూడు వేళ్లు మడవమనండి. తర్వాత పళ్లెంలో రవ్వ పోసి, ఒక్కో శబ్దం పైకి పలుకుతూ దాని అక్షరం వేలితో రాయమనండి. రోజూ పావుగంట చాలు. సైన్స్, సోషల్ పాఠాలు మాత్రం మీరే చదివి వినిపించండి, చదవలేక వాటిలోనూ వెనకబడకూడదు.

దీనికి మందులు లేవు. వాటితో చదువు వస్తుందని చెప్పి అమ్మే రంగు కళ్లద్దాలకు డబ్బు పోయకండి. ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించి, తర్వాత క్లినికల్ సైకాలజిస్ట్‌ను కలవండి. ఐక్యూతో పాటు చదవడం, రాయడం, లెక్కలు పరీక్షిస్తారు. ఏకాగ్రత లోపం కూడా ఉందేమో చూస్తారు. డిక్టేషన్ నోట్సు వెంట తీసుకెళ్లండి. డిస్‌లెక్సియా అని తేలితే స్పెషల్ ఎడ్యుకేటర్ (ఇలాంటి పిల్లలకు ప్రత్యేక పద్ధతిలో నేర్పే టీచర్) దగ్గర క్రమం తప్పకుండా శిక్షణ ఇప్పించాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో డిస్‌లెక్సియా కూడా ఉంది. సర్టిఫికెట్ ఉంటే బోర్డు పరీక్షల్లో అదనపు సమయం, స్క్రైబ్ (చెప్తుంటే జవాబులు రాసిపెట్టే మనిషి) సాయం అడగొచ్చు.

ఈలోగా టీచర్‌ను కలిసి, క్లాసులో అందరి ముందూ బాబును పైకి చదవమనొద్దని గట్టిగా చెప్పండి.