ఆవిరి ఇంజన్ల కాలం నాటి గూడ్సు పెట్టెను స్కేల్ మోడల్‌గా కచ్చితంగా కట్టాలంటే దేనితో మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీరు డల్లాస్‌లో ఉంటున్నారు, టెక్సస్ లైనునే మోడల్‌గా కడుతున్నారు. హెచ్ఓ స్కేల్లో (అంటే అసలులో 87వ వంతు) పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వారి ఎక్స్29 బాక్స్‌కార్ (పైకప్పుతో మూసి ఉండే గూడ్సు పెట్టె) కిట్ కొన్నారు. డబ్బాలో ఉన్నది ఉన్నట్టు అతికిస్తే పిల్లల బొమ్మలా ఉంటుందేమో అని మీ బెంగ. వైరుతో పట్టుకడ్డీలు వేయడం, అడుగున బ్రేకు సామాను బిగించడం, రంగు, మురికి, వీటిలో ముందు ఏది పట్టుకోవాలి అని అడిగారు.

నేను షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉంటాను. మా బేస్‌మెంట్ గోడ వెంట 14 అడుగుల పలక వేసి, దాని మీద 1942 డిసెంబరు నాటి ప్రొవైసో యార్డులో ఒక మూలను కడుతున్నాను. పదకొండేళ్లలో నలభై పైచిలుకు పెట్టెలు పూర్తయ్యాయి. ఆ అనుభవంతో చెబుతున్నాను, మీరు రాసిన వాటిలో దేనితోనూ మొదలుపెట్టకండి. ముందు ఒక ఏడాది నిర్ణయించుకోండి, కుదిరితే నెలతో సహా. తర్వాత ఆ ఏడాదికి దగ్గర్లో తీసిన ఒక పెట్టె ఫోటో వెతకండి. నంబరు కనిపించే ఫోటో అయితే మరీ మంచిది. కిట్టు డబ్బా ఆ తర్వాతే తెరవండి.

ఎందుకంటే 'ఎక్స్29' అన్నది ఒక తరగతి పేరు. 1924 నుంచి పదేళ్ల పాటు ఆ కంపెనీ దాదాపు 29 వేల పెట్టెలు ఆ పేరుతో కట్టించింది. మొదట్లో వచ్చిన వాటికి రెండు చివర్లూ చదునైన ఉక్కు రేకులు. తర్వాత వచ్చిన వాటికి అడ్డంగా ఉబ్బెత్తు మడతలున్న డ్రెడ్‌నాట్ రకం చివర్లు. తలుపులు మారాయి, చేతి బ్రేకు మారింది, అడుగున గాలి బ్రేకు మారింది. పైగా గోడ రేకు నేలను కలిసే చోట నీళ్లు నిలిచి తుప్పు పట్టేది. అలా తిన్న చోట కింది అంచు వెంట అతుకు రేకులు వేసి రివెట్లు కొట్టారు. అంటే ఒకే నంబరు పెట్టె 1930లో ఒకలా, 1942లో ఒకలా, 1955లో మరోలా ఉంటుంది. మీరు కట్టేది వాటిలో ఏది? అది తేలకుండా బ్లేడు పట్టుకుంటే ఎంత శ్రద్ధగా చేసినా ఆ పని ఏ పెట్టెకూ చెందదు.

ఈ పాఠం నేను కష్టపడి నేర్చుకున్నాను. నా మొదటి ఎక్స్29 మీద మూడు వారాలు కూర్చున్నాను. ప్రతి కడ్డీ వైరుతోనే చేశాను. డెకాల్స్ (గోడ మీదికి దింపే అక్షరాల, గుర్తుల స్టిక్కర్లు) కూడా అందంగా పడ్డాయి. దాన్ని మా దగ్గర్లో జరిగే ప్రోటోటైప్ మోడలర్ల (అసలు పెట్టెను ఉన్నదున్నట్టు కట్టేవాళ్ల) సమావేశానికి తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను. ఒక పెద్దాయన చిన్న టార్చిలైటు వేసి చాలాసేపు చూశారు. కడ్డీల పని బాగుందన్నారు. "మీది ఏ సంవత్సరం?" అని అడిగారు. 1942 అన్నాను. "ఈ కీస్టోన్ గుర్తు 1954లో వచ్చింది" అన్నారు నెమ్మదిగా. కీస్టోన్ అంటే పెన్సిల్వేనియా కంపెనీ చిహ్నం. నేను వేసింది నీడ గీసినట్టుండే కీస్టోన్. 1942లో ఆ పెట్టెల మీద ఉండాల్సింది గుండ్రటి గీత లోపల కీస్టోన్. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు 91 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రంగంతా తీసేశాను. మళ్లీ వేయడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. ఆయన చెప్పకపోతే ఈ రోజుకీ ఆ తప్పు నా యార్డులో నిలబడి ఉండేది. అందుకే ఆయన మీద నాకు ఎంతో గౌరవం.

మా నాన్న విజయవాడలో టీఎక్స్‌ఆర్‌గా చేశారు. అంటే ట్రైన్ ఎగ్జామినర్, బండి కదిలే ముందు ప్రతి వ్యాగన్‌నూ చూసేవారు. చిన్నప్పుడు ఒకటి రెండు సార్లు ఆయన వెంట యార్డుకి వెళ్లాను. ఆయన వ్యాగన్ దగ్గరికి వెళ్లగానే చక్రం కన్నా ముందు పక్క గోడ మీద సున్నంలా తెల్లగా రాసిన తేదీ చదివేవారు. పీఓహెచ్ (వర్క్‌షాపులో గడువు ప్రకారం జరిగే పూర్తి మరమ్మతు) ఎప్పుడైంది, మళ్లీ ఎప్పటికి వర్క్‌షాపుకి పంపాలి అన్నది అక్కడే ఉండేది. "బండి తన సంగతి తనే రాసుకుని తిరుగుతుందిరా" అనేవారు. అమెరికా పెట్టెలూ అంతే. ఖాళీ బరువు, ఎంత వరకు ఎక్కించవచ్చు, ఎక్కడ ఏ నెలలో మళ్లీ తూచారు, ఇరుసు పెట్టెల్లో నూనె దూది ఎప్పుడు మార్చారు, బ్రేకు ఎప్పుడు శుభ్రం చేశారు, అన్నీ గోడ మీదే ఉంటాయి. కాబట్టి మీ డెకాల్ షీట్‌లో 'న్యూ' అని ఉన్న తేదీని అలాగే దింపేయకండి. 1942లో నడిచే ఎక్స్29కి కనీసం ఎనిమిదేళ్లు నిండి ఉంటాయి. దాన్ని ఆ పాటికే కొన్నిసార్లు తూచి ఉంటారు. తూచిన తేదీ 1942కి దగ్గర్లోది ఉండాలి.

ఫోటోలు ఎక్కడ దొరుకుతాయి అంటే, నా మొదటి ఆధారం జాక్ డెలానో. యుద్ధ కాలంలో ప్రభుత్వం తరఫున ఆయన 1942-43లో షికాగో యార్డులన్నీ తిరిగి తీసిన ఫోటోలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. కొన్ని కలర్లో కూడా ఉన్నాయి. పెద్ద సైజు ఫైలు దించుకుని జూమ్ చేసి చూడండి. నేను ప్రొవైసోని ఎంచుకున్నదే ఆ ఫోటోల వల్ల. ఎత్తు మీద నుంచి తీసిన ఒక దానిలో వరసగా నిలబడ్డ పెట్టెల పైకప్పులు ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఎక్స్29 లోపలి ఎత్తు 8 అడుగుల 7 అంగుళాలు. 1937 ఏఏఆర్ (అమెరికా రైల్వే కంపెనీల సంఘం) ప్రమాణం ప్రకారం వచ్చిన పెట్టెకి 10 అడుగులు. మన 1:87 స్కేల్లో ఆ తేడా 5 మిల్లీమీటర్లు. రెండింటినీ పక్కపక్కన పెట్టినప్పుడు ఆ మెట్టు కనబడటం నాకు ఏ డెకాల్ కన్నా ఎక్కువ సంతోషాన్నిచ్చింది. పెన్సిల్వేనియా వాళ్లకైతే విడిగా టెక్నికల్ అండ్ హిస్టారికల్ సొసైటీ ఉంది, డ్రాయింగుల కోసం అటు చూడండి.

ఇప్పుడు చేతి పని. పట్టుకడ్డీలతో మొదలుపెట్టండి, ఎందుకంటే తేడా అక్కడే ముందు కంటికి ఆనుతుంది. మీ కిట్టు ఏ కంపెనీదో రాయలేదు. కడ్డీలు గోడతో కలిపి పోత పోసి ఉంటే వాటిని చెక్కేయాలి. చెక్కే ముందు ప్రతి కడ్డీ రెండు చివర్లలోనూ సూదితో చిన్న గుంట పెట్టుకోండి. చెక్కాక ఆ చోటు మళ్లీ దొరకదు. ఉలి ఆకారంలో ఉండే బ్లేడును గోడకి దాదాపు పడుకోబెట్టి, పొర పొరగా తీయండి. ఒకేసారి తోస్తే పక్కనున్న రివెట్టు తలలు కూడా పోతాయి. తర్వాత 80 నంబరు డ్రిల్‌తో, అంటే 0.34 మి.మీ., చేత్తో తిప్పుతూ రంధ్రం చేయాలి. ఈ డ్రిల్లులు ఇట్టే విరుగుతాయి, ఒక పది దగ్గర పెట్టుకోండి. 0.3 మి.మీ. ఫాస్ఫర్ బ్రాంజ్ వైరు వంచి, రెండు కాళ్లూ లోపలికి దూర్చి, వెనక నుంచి సూపర్ గ్లూ చుక్క సూది మొనతో పెట్టండి.

ఇక్కడ ఒక కొలత మాత్రం తప్పనివ్వకండి. కడ్డీకీ గోడకీ మధ్య ఖాళీ కనీసం 2 అంగుళాలు ఉండాలని 1911 నాటి భద్రతా నిబంధన. కడ్డీ పొడవు కనీసం 16 అంగుళాలు, లావు కనీసం 5/8 అంగుళం. గ్లవ్స్ వేసుకున్న మనిషి చేయి పట్టాలి కాబట్టి ఆ లెక్క. అప్పట్లో బ్రేక్‌మన్ వానలో, మంచులో, కదిలే బండి మీద ఈ కడ్డీలు పట్టుకుని పైకి ఎక్కేవాడు. ఎంతో మంది చేతులు, ప్రాణాలు పోయాకే 1893లో భద్రతా చట్టం వచ్చింది. మన స్కేల్లో 2 అంగుళాలంటే 0.6 మి.మీ. అంత మందం ఉన్న స్టైరీన్ (ప్లాస్టిక్) పట్టీని కడ్డీ కింద పెట్టి, కడ్డీ దానికి ఆనేదాకా లోపలికి నొక్కి, గ్లూ పట్టాక పట్టీ లాగేయండి. అన్నీ ఒకే ఎత్తులో వస్తాయి. గోడకి అంటుకుపోయిన కడ్డీని చూసినప్పుడల్లా నాకు అక్కడ వేళ్లు పట్టని మనిషి గుర్తొస్తాడు.

అడుగు భాగం గురించి చాలా మంది "ఎవరికి కనిపిస్తుందిలే" అంటారు. నేను ఒప్పుకోను. పక్క నుంచి చూస్తే బ్రేకు సిలిండరు, గాలి తొట్టి నీడలు కనిపిస్తాయి. బ్రేకు ఏ రకమో చెప్పేది అవే. పాత కే బ్రేకులో సిలిండరు, గాలి తొట్టి, వాల్వు మూడూ కలిసి ఒకే ముద్దగా ఉండే రకం ఎక్కువ. 1933 తర్వాత కొత్త పెట్టెలకి తప్పనిసరి అయిన ఏబీ బ్రేకులో ఆ మూడూ విడివిడిగా మూడు చోట్ల వేలాడతాయి. కే బ్రేకు పెట్టెలు 1953 దాకా నడిచాయి కాబట్టి 1942లో రెండూ సరే. మీ ఫోటోలో ఏది ఉందో చూసి అదే పెట్టండి. ట్రక్కుల విషయంలో మాత్రం అంత వెసులుబాటు లేదు. (ట్రక్కు అంటే ఇక్కడ చక్రాలుండే అడుగు చట్రం. మన రైల్వేలో దాన్నే బోగీ అంటారు, బయటి జనం మొత్తం పెట్టెనే బోగీ అనేస్తారు.) ఇనుప పట్టీలు బోల్టులతో బిగించిన ఆర్చ్‌బార్ ట్రక్కులు 1942 నాటికి ఒక కంపెనీ నుంచి మరో కంపెనీ లైన్ల మీదికి వెళ్లే పెట్టెలకి నిషేధం. కొన్ని కిట్లలో అవే ఇస్తారు.

బ్రేకు పైపు అసలు బయటి కొలత దాదాపు 1.66 అంగుళాలు, మనకి 0.5 మి.మీ. వైరు సరిపోతుంది. సిలిండరు కడ్డీ ఒక మీటను లాగుతుంది, ఆ మీట నుంచి రెండు ట్రక్కులకీ కడ్డీలు, ఒక గొలుసు చేతి బ్రేకుకి. ఏది దేన్ని లాగుతుందో ఒకసారి అర్థమైతే బొమ్మ చూడకుండానే కట్టేయొచ్చు. నాకది పుస్తకాల్లో ఎక్కలేదు. ఇల్లినాయ్‌లోని యూనియన్ అనే ఊళ్లో రైల్వే మ్యూజియం ఉంది. అక్కడ ఒక పాత పెట్టె పక్కన మోకాళ్ల మీద కూర్చుని, వేలితో గాల్లో గీసుకుంటూ అరగంట చూశాక పట్టుబడింది.

బరువు, చక్రాలు త్వరగా చెప్పేస్తాను. ఎన్ఎంఆర్ఏ (అమెరికాలోని మోడల్ రైల్వే అభిమానుల సంఘం) సిఫార్సు ప్రకారం ఒక ఔన్సు, దాని మీద మోడల్ పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు. 40 అడుగుల పెట్టెకి 106 గ్రాములు వస్తుంది. పైకప్పు మూసే ముందే నేల మీద ఇనుప నట్లు అతికించండి. చక్రాలు లోహానివి, 33 అంగుళాల స్కేలువి వేయండి.

మురికి విషయంలో ఫోటో మాట వినండి. డెలానో కలర్ ఫోటోల్లో ఎరుపు పెట్టె అన్నది ఒక్క రంగు కాదు. ఇటుక రంగు నుంచి పాత బెల్లం రంగు దాకా ఉంటాయి, వాటి మీద బొగ్గు మసి పొర. తుప్పు మరకలు మనం ఊహించుకున్నంత ఉండవు. నేను పాన్‌పాస్టెల్ (పొడిగా రుద్దే రంగు) నలుపు, గోధుమ రంగు కలిపి పైకప్పు నుంచి కిందికి పల్చగా రుద్దుతాను. దానికి ముందు చేసే చిన్న పని ఒకటుంది. తూచిన తేదీ, దూది మార్చిన తేదీ ఉన్న చోట గోరంత మాస్కింగ్ టేప్ ముక్క నలుచదరంగా కోసి అంటిస్తాను. మసి పని అంతా అయ్యాక టేప్ లాగితే, మురికి గోడ మీద ఒక్క చదరం మాత్రం కొత్త రంగుతో, తెల్లటి అంకెలతో బయటపడుతుంది. నిజం యార్డులోనూ అంతే, పెయింటరు పాత తేదీ మీద కొత్త రంగు పూసి కొత్త తేదీ రాసేవాడు. ఆ టేప్ లాగే క్షణం కోసమే నేను ఒక్కో పెట్టె కడతానేమో అనిపిస్తుంది.

మీ లైను టెక్సస్‌ది కదా, పెన్సిల్వేనియా పెట్టె అక్కడికెలా వస్తుందని సందేహం వద్దు. బాక్స్‌కార్లు సరుకును బట్టి దేశమంతా తిరిగేవి. పెన్సిల్వేనియాది అతి పెద్ద పెట్టెల మందల్లో ఒకటి కాబట్టి ఏ రైలులోనైనా ఒకటి రెండు ఉండాల్సిందే. మంచి కిట్టే ఎంచుకున్నారు.

మీ ఏడాది ఏదో రాసి, కిట్టు చివరి గోడ ఫోటో, అడుగు భాగం ఫోటో ఇక్కడ పెట్టండి. చదును చివరా మడతల చివరా, కే బ్రేకా ఏబీనా చూసి, దానికి సరిపోయే అసలు పెట్టె నంబర్లు నా దగ్గరున్న ఫోటోల్లోంచి వెతికి ఇస్తాను.