పెద్ద ఏసీ కొనే ముందు గోడలో వైరు సంగతి చూడండి

పడకగదిలో 5,000 బీటీయూ (ఏసీ ఎంత చల్లబరుస్తుందో చెప్పే కొలత) విండో ఏసీ చాలడం లేదు, 12,000ది పెట్టుకోవచ్చా అని అడిగారు. అమెరికాలో, జెర్సీ సిటీలో రెండు కుటుంబాలుండే పాత టూ ఫ్యామిలీ ఇల్లు అన్నారు కాబట్టి చెప్తున్నాను: ఏసీ సంగతి తర్వాత, ముందు వైరింగ్ చూడండి.

కొత్తగా వచ్చినవాళ్లకి ఇది తట్టదు. మన దగ్గర ఏసీ అంటే మామూలుగా విడిగా లైను లాగుతారు, పెద్ద సాకెట్ పెడతారు. పైగా అక్కడ 230 వోల్టులు, ఇక్కడ 120. అంతే పవర్‌కి ఇక్కడ దాదాపు రెట్టింపు కరెంటు కావాలి. కరెంటు రెట్టింపైతే అదే వైరులో పుట్టే వేడి నాలుగు రెట్లు. ఈ ఒక్క లెక్క మొదట్లో నాకెవరైనా చెప్పి ఉంటే ఎంతో డబ్బు మిగిలేది.

అప్పట్లో ప్రతి డాలరునీ రూపాయల్లోకి మార్చి చూసుకునేవాణ్ణి. అద్దె కట్టి, ఇంటికి పంపాక కొత్త ఏసీ కొనడానికి మనసొప్పలేదు. ఇండియా వెళ్లిపోతున్న ఒకాయన దగ్గర పాత 12,000 బీటీయూ ఏసీ చవగ్గా కొన్నాను. కిటికీ పక్కన ప్లగ్ పాయింట్ లేదు. టేబుల్ లైటుకి వాడే సన్నటి ఎక్స్‌టెన్షన్ కార్డు తగిలించాను. ఆ గదీ, హాలూ, రైస్ కుక్కర్ పెట్టే మూలా అన్నీ ఒకే 15 ఆంపియర్ల బ్రేకర్ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆపేసే స్విచ్) మీద ఉన్నాయని తెలియదు. కంప్రెసర్ మొదలైనప్పుడల్లా లైట్లు డిమ్ అయ్యేవి. కుక్కర్ ఆన్ చేస్తే బ్రేకర్ పడిపోయేది. నేను బేస్‌మెంట్‌కి వెళ్లి మళ్లీ ఆన్ చేసి వచ్చేవాణ్ణి. బ్రేకర్ పాడైందనుకున్నాను, అది ఇంటిని కాపాడుతోందని తోచలేదు. ఒక రాత్రి ప్లాస్టిక్ కాలుతున్న వాసన వచ్చింది. చూస్తే కార్డు ప్లగ్ మెత్తబడిపోయి, గోడ సాకెట్ నల్లబడి ఉంది. ప్రాణాలకేం కాలేదు. కానీ ఖాళీ చేసేటప్పుడు సాకెట్, వైరు, గోడ రిపేరు ఖర్చంతా ఓనర్ నా డిపాజిట్‌లోంచి పట్టుకున్నాడు. అమ్మ కంటి ఆపరేషన్‌కి పంపాలని లెక్క వేసుకున్న డబ్బు అది.

ఆ వేసవి తర్వాత పట్టుబట్టి నేర్చుకున్నాను. ఇప్పుడు మా సొంతింట్లో ఏ బ్రేకర్ దేనిదో అన్నిటికీ నేనే కనుక్కుని చీటీలు అంటించాను. మీకూ ఒక సాయంత్రం చాలు. బ్రేకర్లుండే ప్యానెల్ పెట్టె తలుపు తెరిచి మీ గది బ్రేకర్ ఆపండి. చిన్న లైటు పట్టుకుని ఇల్లంతా తిరిగి ఎక్కడెక్కడ కరెంటు పోయిందో రాసుకోండి. పాత చీటీలని నమ్మకండి. బ్రేకర్ పిడి మీద 15 అనో 20 అనో ఉంటుంది. ఏసీకి పక్కన అంటించిన లేబుల్ మీద ఆంపియర్లుంటాయి. ఆ లైను మీద లైట్లు, ఇతర పరికరాలు ఉంటే ఏసీ బ్రేకర్ మీదున్న అంకెలో సగానికి మించి తీసుకోకూడదు, అంటే 15 మీద 7.5. ఏసీ ఒక్కటే ఉంటే 80 శాతం దాకా, అంటే 12. పూర్తి రూల్స్ మీ టౌన్ బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌లో అడిగితే చెప్తారు.

ఇప్పుడు మీ 12,000 సంగతి. 120 వోల్టుల మీద అది సుమారు 10 ఆంపియర్లు లాగుతుంది, పాతదైతే ఇంకా ఎక్కువ. హాలుతో కలిసిన 15 ఆంపియర్ల లైను మీద అది కుదరదు. మీ గది 300 చదరపు అడుగుల లోపైతే 8,000 బీటీయూ ఇన్వర్టర్ మోడల్ (కంప్రెసర్ వేగం అవసరాన్ని బట్టి మారే ఏసీ) తీసుకోండి. అది సాధారణంగా 7 ఆంపియర్ల లోపే సరిపెట్టుకుంటుంది, నెలనెలా బిల్లూ తగ్గుతుంది. కొన్నప్పుడు నాలుగు డాలర్లు ఎక్కువైనా భయపడకండి.

సాకెట్‌కి రెండే బెజ్జాలుంటే ఎర్తింగ్ లేనట్టే. అడాప్టర్ పెట్టి నెట్టుకురాకండి. ప్లగ్ వదులుగా ఉన్నా, చేత్తో ముట్టుకుంటే వేడిగా ఉన్నా ఆ సాకెట్ వాడొద్దు. ఏసీ తీగ చివర టెస్ట్, రీసెట్ బటన్లున్న ప్లగ్ ఉంటుంది. తీగ దెబ్బతింటే అది కరెంటు ఆపేస్తుంది. ఆ ప్లగ్‌కీ గోడ సాకెట్‌కీ మధ్య తగిలించిన ఎక్స్‌టెన్షన్ కార్డుకి మాత్రం ఆ రక్షణ ఉండదు. ఇల్లు 1965–73 మధ్య కట్టినదైతే అల్యూమినియం వైరింగ్ ఉందేమో తప్పకుండా అడగండి, దాని జాయింట్లు వదులై వేడెక్కుతాయి.

15 తీసేసి 20 బ్రేకర్ వేస్తే సరిపోతుందని మన స్నేహితుల్లో ఎవరో ఒకరు సలహా ఇస్తారు. గోడలో 15 ఆంపియర్లకే సరిపడే 14 గేజ్ (వైరు మందం కొలత) వైరు అలాగే ఉంటుంది కదా. బ్రేకర్ పడకముందే వైరు వేడెక్కి కాలిపోవచ్చు.

12,000 కావాల్సిందే అంటే విడిగా లైను వేయించమని ఓనర్‌కి ఈమెయిల్ రాయండి, సాకెట్ ఫోటోలు జతచేయండి. నోటిమాటగా అడిగితే తర్వాత ఏ ఆధారమూ ఉండదు. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ని పిలవడం ఆయన పని. ఖర్చులో సగం పెట్టుకోమంటే మొహమాటపడి ఒప్పేసుకోకండి. మీరు వెళ్లిపోయాక కూడా ఆ లైను ఆయన ఇంట్లోనే ఉంటుంది. ఒకవేళ ఇస్తానన్నా, ఆ మొత్తం అద్దెలో తగ్గిస్తానని రాయించుకున్నాకే ఇవ్వండి.