కల్లు తాగే చింపాంజీలు, మొక్కల వేర్ల మీద దొర్లే పిల్లులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

జంతువులు కూడా మత్తుకు మరుగుతాయా అని పోయిన సంచికకు ఒక ఉత్తరం వస్తే జాగా చాలక పక్కన పెట్టాం. ఈలోగా అదే విషయం మీద ఇంకొన్ని వచ్చాయి. ఈసారి శీర్షిక మొత్తం వాటికే.

ప్ర: మా వైపు ఏనుగులు తిరుగుతుంటాయి. సారా వాసన పసిగట్టి ఇళ్ల మీద పడతాయని, తాగి తూలుతాయని మా పెద్దవాళ్లు అంటారు. ఆఫ్రికాలో ఏనుగులు పండ్లు తిని ఊగిపోతున్న వీడియో కూడా వాట్సాప్‌లో వచ్చింది. ఇందులో నిజమెంత సార్?
(పార్వతీపురం దగ్గరి నుంచి ఒక పాఠకుడు)

జ: వాసన పసిగట్టడం వరకు అనుమానం అక్కర్లేదు, ఏనుగు ముక్కును మించింది లేదు. తూలడం దగ్గరే కాస్త ఆగాలి. మీరు చూసిన వీడియోలోవి మరూలా పండ్లు అయ్యుంటాయి, ఈ కథ వాటి పేరు మీదే ఏళ్లుగా నడుస్తోంది. 2006లో బ్రిటన్‌లోని బ్రిస్టల్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు కూర్చుని లెక్క వేశారు. మూడు టన్నుల ఏనుగుకు నిషా ఎక్కాలంటే 7 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రవం 10 నుంచి 27 లీటర్ల దాకా, అదీ తక్కువ సమయంలో కడుపులో పడాలట. మరూలా పండు పులిసినా అంత ఘాటు రాదు. పైగా ఏనుగులు కింద పడి మురిగిన పండు కన్నా చెట్టు మీది పండునే ఇష్టపడతాయి. కాబట్టి ఇదంతా కట్టుకథ అని తేల్చేశారు.

అయితే 2020లో కెనడాలోని కాల్గరీ యూనివర్సిటీ వాళ్లు ఇంకో మెలిక పెట్టారు. ఒంట్లో ఆల్కహాల్‌ను అరిగించడానికి పనికొచ్చే ఏడీహెచ్7 అనే జన్యువు చాలా జంతువుల్లో చూస్తే, ఏనుగుల్లో అది పాడైపోయి ఉంది. బ్రిస్టల్ లెక్కేమో మనిషి ఎంత తాగితే ఎంత ఎక్కుతుందో దాన్ని ఏనుగు బరువుకు పెంచి వేసింది. మనకు అరిగినంత తేలిగ్గా దానికి అరగకపోతే ఆ 27 లీటర్ల లెక్క ఇక చెల్లదు. అంటే తక్కువకే ఎక్కే అవకాశం ఉందన్నమాట.

నన్నడిగితే, పండ్ల కథను నమ్మను, ఊట కుండల కథను కొట్టిపారేయను. మీకు దగ్గర్లోదే ఒకటి చెప్తాను. 2022 నవంబరులో ఒడిశా కియోంఝర్ జిల్లాలో సారా కాయడానికి పెద్ద పెద్ద కుండల్లో ఇప్పపూలు నానబెట్టి, మర్నాడు పొద్దున్నే అడవిలోకి వెళ్లిన ఊరివాళ్లకు కుండలు పగిలి, ఊట మాయమై, చుట్టూ 24 ఏనుగులు పడుకుని కనిపించాయి. గున్నలతో సహా! లేపుదామని చూస్తే లేవలేదు. చివరికి అటవీ శాఖ వాళ్లు వచ్చి డప్పులు కొడితే లేచి వెళ్లాయి. తాగే పడుకున్నాయని ఊరివాళ్లు, మామూలుగానే పడుకుని ఉండొచ్చని అధికారులు. రక్తపరీక్ష ఎవరూ చేయలేదు కదా!

మీ వైపు వాళ్లకు ఇందులో పనికొచ్చే ముక్క ఒకటే. ఏనుగులు తిరిగే ఊళ్లలో ఇప్పపూలు గానీ, బెల్లపు ఊట గానీ, ఆ మాటకొస్తే ధాన్యం, ఉప్పు గానీ మనుషులు పడుకునే గదిలో పెట్టకండి. దానికి మత్తు ఎక్కినా ఎక్కకపోయినా కూలేది మీ గోడే.

ప్ర: పెరట్లో కలుపు తీస్తూ కుప్పింటాకు మొక్కలు వేళ్లతో సహా పీకి పడేస్తే, మా పిల్లి ఎక్కడినుంచో పరిగెత్తుకొచ్చి ఆ వేళ్ల మీద పడి దొర్లుతోంది, చొంగ కారుస్తోంది. ఇది మత్తేనా? అలవాటు పడిపోతే ఏంటండీ గతి?
(విజయవాడ నుంచి ఒక పాఠకురాలు)

జ: టెన్షన్ పడకండి. కొందరు మురిపిండాకు అని కూడా పిలిచే ఈ మొక్క ఆకును మన పెద్దవాళ్లు గజ్జికి, తామరకు నూరి రాసేవాళ్లు. పిల్లికి మాత్రం ఆకుతో పని లేదు, దానికి కావాల్సింది వేరు. మీ పిల్లిని ఈసారి దగ్గరగా గమనించండి: ముందు వాసన చూస్తుంది, నాకుతుంది, తర్వాత బుగ్గలు, మెడ ఆ వేరుకేసి రుద్దుతుంది, ఆఖర్న వెల్లకిలా పడి దొర్లుతుంది. కాసేపటికి ఏమీ ఎరగనట్టు లేచి వెళ్లిపోతుంది. ఆ వెంటనే మళ్లీ అదే వేరు పెట్టినా పెద్దగా పట్టించుకోదు.

విదేశాల్లో క్యాట్‌నిప్ అనే మొక్కతో, జపాన్‌లో మతతబి అనే తీగతో పిల్లులు చేసే పని అచ్చం ఇదే. ప్రతి పిల్లీ చేయదు, సుమారు మూడింట రెండు వంతులు చేస్తాయి, అది వంశపారంపర్యం. మరీ చిన్న పిల్లికూనలకు ఆ వాసన పట్టదు. 2021లో జపాన్‌లోని ఇవాతే యూనివర్సిటీ బృందం దీని గుట్టు చాలావరకు విప్పింది. మతతబిలోని నెపెటలాక్టాల్ అనే పదార్థం వాసన చూడగానే పిల్లి ఒంట్లో ఎండార్ఫిన్లు, అంటే ఒంట్లోనే పుట్టి హాయినిచ్చే రసాయనాలు, పెరుగుతాయి. హెరాయిన్ ఎక్కువై కొన ఊపిరితో ఉన్నవాళ్లకు ఇచ్చే, నల్లమందు జాతి మత్తును అడ్డుకునే నాలోక్సోన్ మందు ముందుగా ఇస్తే పిల్లి దొర్లడం మానేస్తుంది. అంటే మనుషుల్లో నల్లమందు ఎక్కడ పని చేస్తుందో ఇదీ అక్కడే పని చేస్తోంది. కాకపోతే నల్లమందు బయటినుంచి వచ్చి ఆ తాళం తీస్తుంది, పిల్లి విషయంలో ఒంట్లో పుట్టిందే తీస్తోంది. దీనికి పిల్లులు బానిసలైనట్టు దాఖలా లేదు.

ఇంకా బాగున్న సంగతి ఇంకోటుంది. ఆ తీగకు రుద్దుకున్న పిల్లుల మీద దోమలు వాలడం బాగా తగ్గింది. అంటే మీ పిల్లి మత్తులో దొర్లుతోందని మీరనుకుంటుంటే, అది ఒంటికి దోమల మందు పట్టించుకుంటోందేమో. మడగాస్కర్‌లో నల్ల లీమర్లు అనే, కోతులకు దూరపు చుట్టాలైన జంతువులు కూడా ఇలాంటి పనే చేస్తాయి. మన రోకలిబండ పురుగు లాంటి వేయికాళ్ల పురుగును పట్టుకుని మెల్లగా కొరికి, అది వదిలే ఘాటైన రసాన్ని ఒంటికి పులుముకుంటాయి, చొంగ కారుస్తూ కళ్లు తేలేస్తాయి. అక్కడా పురుగూ పుట్రా దగ్గరికి రాకుండా చేసుకునే ఉపాయమే అసలు సంగతి అని పరిశోధకుల ఊహ. మీరు మాత్రం ఆ వేళ్లు గిన్నెలో వేసి తినిపించకండి, అంతే.

ప్ర: డాల్ఫిన్లు విషపు చేపను ఒకదానికొకటి అందించుకుంటూ మత్తెక్కించుకుంటాయట కదా?
(కాకినాడ)

జ: 2014లో టీవీలో వచ్చిన ఒక డాక్యుమెంటరీ పుణ్యమిది. ఆ పఫర్ చేపలో ఉండే టెట్రోడోటాక్సిన్ నరాలను మొద్దుబార్చే విషం, మెదడులోకి సులువుగా వెళ్లేది కాదు. అవి ఆడుకుంటున్నాయని కొందరు నిపుణులు అంటున్నారు, నాకూ అదే సబబనిపిస్తుంది. మత్తు అని పేరు పెడితే లైకులు ఎక్కువొస్తాయి.

ప్ర: మా బ్యాచ్‌లో ఒకడున్నాడు. "కోతులే తాగుతాయి, మనం అక్కణ్నుంచే వచ్చాం, మందు మన రక్తంలోనే ఉందిరా" అని ప్రతి ఆదివారం లెక్చర్ ఇస్తాడు. వాడి నోరు మూయించేలా ఏదైనా చెప్పండన్నా.
(వరంగల్)

జ: సగం ఒప్పుకో తమ్ముడూ, మిగతా సగం దగ్గర పట్టుకో.

ఒప్పుకోవాల్సిన సగం ఇది. మనకూ, చింపాంజీలకూ, గొరిల్లాలకూ ఉమ్మడి పూర్వీకుడిలో దాదాపు కోటి ఏళ్ల కిందట ఒక ఎంజైమ్‌లో చిన్న మార్పు వచ్చి, ఆల్కహాల్‌ను అరిగించే శక్తి 40 రెట్లు పెరిగిందని 2014లో తేల్చారు. చెట్లు దిగి నేల మీద తిరగడం మొదలుపెట్టిన కాలంలో, రాలి పులిసిన పండు తినగలిగిన జీవికి ఆకలి కాలంలో నాలుగు మెతుకులు ఎక్కువ దొరికినట్టే. పండిన పండు ఎక్కడుందో ఆల్కహాల్ వాసనే చెబుతుంది కాబట్టి ఆ వాసన మీద మోజు మనకు అక్కణ్నుంచే వచ్చిందని కాలిఫోర్నియా శాస్త్రవేత్త రాబర్ట్ డడ్లీ చాలాకాలంగా వాదిస్తున్నారు.

ఇంకా మన కల్లు మండువాకు దగ్గరి చుట్టం లాంటి సంగతి పశ్చిమాఫ్రికాలోని గినీ దేశంలో, బొస్సూ అనే ఊళ్లో ఉంది. అక్కడి జనం రాఫియా తాటిచెట్ల మొవ్వు దగ్గర గీసి ప్లాస్టిక్ డబ్బాలు కట్టి, పైన ఆకులు కప్పి కల్లు పడతారు. గీత కార్మికుడు అటు వెళ్లగానే చింపాంజీ చెట్టెక్కుతుంది. గుప్పెడు ఆకులు తెంపి నోట్లో పెట్టుకుని నమిలి ముద్ద చేస్తుంది, ఆ ముద్దను డబ్బాలో ముంచుతుంది, తీసి నోట్లో పిండుకుంటుంది, మళ్లీ ముంచుతుంది. ఒక్కోసారి రెండు చింపాంజీలు వంతులవారీగా ముంచుకుంటాయి. ఆ కల్లులో సగటున 3.1 శాతం ఆల్కహాల్, కొన్నింట్లో 6.9 దాకా ఉంది. కొన్ని తాగి కునుకు తీశాయి కూడా.

ఇక్కడిదాకా మీవాడు కాలర్ ఎగరేస్తాడు. అప్పుడు అడుగు: ఇదంతా ఎన్నేళ్లలో, ఎన్నిసార్లు చూశార్రా అని. 17 ఏళ్లలో మొత్తం 51 సార్లు! డబ్బా అయిపోతే అయిపోయినట్టే, పక్క సందులో బెల్టు షాపు ఉండదు. మలేసియా అడవుల్లో ఈకలాంటి తోకున్న ఒక చిన్న చెట్టుమూషికం అయితే పులిసిన తాటిపూల తేనె రాత్రుళ్లు తాగుతూనే ఉంటుంది, తూలడం మాత్రం ఎవరూ చూడలేదు. దాని ఒళ్లు ఆ 3.8 శాతానికే తయారైంది. మన ఒళ్లూ పులిసిన పండుకే తయారైంది. బట్టీ పెట్టి ఆవిరి పట్టి 42.8 శాతం చేసి సీసాలో బిగించి ఏడాది పొడుగునా అమ్మడం ఏ కోతీ చేయలేదు, ఆ ఘాటుకు అలవాటు పడటానికి ఒంటికి కోటి ఏళ్లేం దొరకలేదు. కల్లు సహజమే కదా అంటాడా, ఆల్‌ప్రజోలం, డైజిపామ్ అనే మత్తుమందులు కలిపిన కల్లు ఏ చెట్టు నుంచి కారుతుందో చెప్పమను. ఆ కల్తీ కల్లు ఒక్కసారి బందైతే చేతులు వణికి, ఫిట్స్ వచ్చి ఆసుపత్రుల పాలైనవాళ్లు తెలంగాణలో తక్కువేం కాదు.

ఇంకా వదలకపోతే కరీబియన్‌లోని సెయింట్ కిట్స్ దీవి కోతులను చూపించు. టూరిస్టుల గ్లాసులు ఎత్తుకెళ్లి తాగే కోతులవి. వాటి మీద ఏళ్ల తరబడి పరిశోధన చేస్తే, ఎక్కువ శాతం మితంగా తాగేవి, కొన్ని అసలు ముట్టనివి, సుమారు 5 శాతం మాత్రం పడిపోయేదాకా తాగేవి అని తేలింది. ఎవరు ఏ రకమో పుట్టుకతో వచ్చే గుణం కూడా నిర్ణయిస్తుంది. మీవాడు ఏ రకమో ఆదివారం సాయంత్రానికి మీకే తెలిసి ఉంటుంది.

ప్ర: మా అబ్బాయి ఇంజనీరింగ్ సెకండియర్. హాస్టల్లో గంజాయి అలవాటైంది. తెలిసినప్పట్నుంచి ఫోన్ లాక్కుని, గదిలో పెట్టి తాళం వేస్తున్నాం. వాళ్ల నాన్నగారు మాట్లాడటం మానేశారు. ఎలుకల మీద చేసిన ప్రయోగాల గురించి ఎక్కడో చదివాను, అవి మనుషులకు వర్తిస్తాయా సార్?
(ఒక తల్లి, గుంటూరు జిల్లా)

జ: అమ్మా, మీరు చదివింది బహుశా కెనడాలో 1970ల చివర్లో బ్రూస్ అలెగ్జాండర్ చేసినది. అంతకుముందు ప్రయోగాల్లో ఎలుకను ఒంటరిగా ఇరుకు బోనులో పెట్టి మత్తు అందేలా చేసేవాళ్లు, అది తాగుతూనే ఉండేది, చూశారా మందు ఎంత బలమైందో అనేవాళ్లు. ఈయన దాదాపు 200 రెట్లు పెద్ద జాగా కట్టి, అందులో డబ్బాలు, రంపపు పొట్టు వేసి, ఆడా మగా కలిపి ఎలుకలను వదిలారు. మార్ఫిన్ అనే మత్తుమందు, తీపి కలిపిన నీళ్లు ఒకవైపు, మామూలు నీళ్లు ఒకవైపు పెట్టారు. గుంపులో ఉన్నవి మార్ఫిన్ చాలా తక్కువ తాగాయి, ఒంటరివి ఎక్కువ తాగాయి. తర్వాత వేరే చోట్ల ఇదే ప్రయోగం చేస్తే ప్రతిసారీ ఇలాగే రాలేదు, అది కూడా చెప్పాలి.

నాకు ఇంకా గట్టిగా అనిపించేది 2018లో అమెరికాలో జరిగింది. ఒక మీట నొక్కితే మత్తు, ఇంకో మీట నొక్కితే తలుపు తెరుచుకుని తోటి ఎలుక. అప్పటికే మత్తుకు మరిగిన ఎలుకలు కూడా దాదాపు ప్రతిసారీ తోడునే ఎంచుకున్నాయి. తలుపు తెరుచుకోవడం ఆలస్యం చేసినప్పుడు, తోడు మీట నొక్కినందుకు శిక్ష వేసినప్పుడు మాత్రం మళ్లీ మత్తు వైపు వెళ్లాయి. ఈ చివరి ముక్క మీరూ, మీ వారూ కలిసి చదవండి. మనుషుల్లోనూ దీనికి దగ్గరి ఉదాహరణ ఉంది. వియత్నాం యుద్ధంలో హెరాయిన్‌కు బానిసలైన అమెరికా సైనికుల్లో, ఇంటికొచ్చిన మొదటి ఏడాదిలో మళ్లీ బానిసలైనవాళ్లు సుమారు 5 శాతమేనని లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు చూపించారు. చోటు మారింది, చుట్టూ మనుషులు మారారు.

ఎలుక ఎలుకే, మీ అబ్బాయి మీ అబ్బాయే. ప్రేమగా మాట్లాడితే అన్నీ సర్దుకుంటాయని నేను అనను, కొందరికి వైద్యం తప్పనిసరిగా కావాలి. కానీ తాళం మాత్రం ఈరోజే తీసేయండి. ఫోన్ ఇవ్వాలా వద్దా అనేది తర్వాత చూడొచ్చు, ముందు వాళ్ల నాన్నగారిని భోజనం దగ్గరైనా మాట్లాడమనండి, గంజాయి ఊసెత్తకుండా. సైకియాట్రిస్టుకు చూపించండి. గంజాయితో పాటు మత్తు మాత్రలు, మద్యం కూడా ఉంటే మీ అంతట మీరు ఒక్కసారిగా మాన్పించకండి, డాక్టరు చెప్పినట్టే చేయాలి. మత్తు మాన్పించడం కోసం కేంద్ర ప్రభుత్వ టోల్‌ఫ్రీ నంబరు 14446 ఉంది, ఫోన్ చేయడానికి సిగ్గుపడాల్సిన పనేమీ లేదు.

ప్ర: ప్రేమలో దెబ్బతిన్నవాడే మందు కొడతాడా, జంతువుల్లో ఆ గోల లేదు కదా?
(పేరు రాయని పాఠకుడు, హైదరాబాద్)

జ: ఉంది! మగ్గిన అరటిపండు చుట్టూ మూగే చిన్న ఈగలుంటాయే, వాటిలో. ఆడ ఈగలు కాదన్న మగ ఈగలు ఆల్కహాల్ కలిపిన తిండివైపు ఎక్కువగా వెళ్లాయని 2012లో తేలింది. జత కట్టిన మగ ఈగల మెదడులో ఒక రసాయనం పెరిగి, ఆ కోరిక తగ్గిందట. మీరు పేరెందుకు రాయలేదో అర్థమైంది.

ప్ర: పార్టీలో మా కుక్కకు సరదాగా కొంచెం బీరు పోస్తుంటాం. ఇష్టంగానే తాగుతుంది. ఫర్వాలేదా?
(విశాఖపట్నం)

జ: ఫర్వా ఉంది. కుక్క ఒంటి బరువెంత, మీ బరువెంత? కొంచెం ఆల్కహాల్‌కే దానికి వాంతులు, తూలడం, ఒంట్లో చక్కెర పడిపోవడం, ఊపిరి మందగించడం జరగొచ్చు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా దానికి విషమే, పార్టీ ప్లేట్లు కింద పెట్టకండి. ఈపాటికే తాగి మగతగా పడి ఉంటే పొద్దున్న చూద్దాం అనుకోకుండా వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, ఎంత పోశారో దాచకుండా చెప్పండి.