చిగుళ్ల జబ్బుతో కరిగిన ఎముక మళ్లీ వస్తుందా?

గుంటూరు నుంచి ఒకరు అడిగారు: అమ్మకు దవడ పన్ను కదులుతోంది, ఎక్స్‌రేలో ఎముక తగ్గిందన్నారు, గ్రాఫ్ట్ (ఎముక తగ్గిన చోట నింపే పొడి) వేయిస్తే నిలుస్తుందా, పీకించేయాలా అని.

దయచేసి తొందరపడి పీకించకండి. ఎముక ఏ తీరుగా తగ్గిందన్నదే అసలు విషయం. పన్ను పక్కన బావిలా గుంట పడి, చుట్టూ ఎముక గోడలు మిగిలి ఉంటే గ్రాఫ్ట్ బాగా పనిచేస్తుంది. పళ్లన్నిటి చుట్టూ సమంగా అరిగిపోతే పెద్దగా తిరిగి రాదు.

గ్రాఫ్ట్‌తో పాటు మెంబ్రేన్ అనే పొర కూడా వేస్తుంటారు. అది ఎందుకంటారా? చిగురు పైచర్మం ఎముక కంటే చాలా వేగంగా పెరుగుతుంది. వదిలేస్తే అదే ముందు గుంటలోకి దిగి వేరు పక్కన చోటంతా ఆక్రమిస్తుంది. మధ్యలో పలుచని పొర అడ్డుపెడితే, పన్నును పట్టి ఉంచే నారకూ ఎముకకూ పెరిగే వ్యవధి దొరుకుతుంది. కొల్లాజెన్ పొర దానంతటదే కరిగిపోతుంది; టెఫ్లాన్ రకమైతే మళ్లీ తీయాలి. గ్రాఫ్ట్ పొడి కొన్నిసార్లు పశువుల ఎముక నుంచి తీసింది. పట్టింపు ఉంటే ముందే చెప్పండి, కృత్రిమమైనవీ ఉన్నాయి.

ముందు డీప్ క్లీనింగ్ (చిగురు కింద వేర్ల మీద పేరుకున్న గార తీయడం) తప్పదు. షుగర్ అదుపులో లేకపోతే ఫలితం దెబ్బతింటుంది. ఎక్స్‌రేలో తేడా తెలియడానికి 6 నుంచి 9 నెలలు ఆగాలి. ఖర్చు గురించి టెన్షన్ ఉంటే విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీలో చిగుళ్ల విభాగానికి ఒకసారి అమ్మను తీసుకెళ్లండి.