ఉక్కపోత క్రిస్మస్‌కి ముందు సుజీకి పెద్దమ్మ ఉత్తరం

సుజీ,

నీ మెసేజీ చదివి మొదట నవ్వుకున్నాను, తర్వాత జాలేసింది. డిసెంబరు వచ్చినా ఫ్యాను ఆపలేకపోతున్నామని, ఇరవైమందిని పిలిచేశానని, కేకు మీద క్రీము నిలుస్తుందో లేదోనని నిద్రపట్టడం లేదని రాశావు. ఇన్నేళ్లూ మీ అత్తగారి చేతుల మీదుగా జరిగిన క్రిస్మస్ మొదటిసారి నీ ఇంటికొస్తోంది. వస్తూ వస్తూ ఎండాకాలాన్ని వెంటబెట్టుకొస్తోంది. భయపడకు. ఇలాంటి డిసెంబర్లు నేను మూడో నాలుగో చూశాను. వాటిలో రెండిటిని చేజేతులా చెడగొట్టుకున్నాను కూడా, అందుకే ఇంత ధైర్యంగా సలహాలు చెప్తున్నాను.

అన్నట్టు, పండుగకీ ఈ వేడికీ ఒక పాత చుట్టరికం ఉంది. పెరూ తీరంలో చేపలు పట్టేవాళ్లు కొన్ని ఏళ్లలో సరిగ్గా క్రిస్మస్ వేళకి సముద్రం వేడెక్కడం గమనించి, దానికి 'ఎల్ నీనో' అని పేరు పెట్టుకున్నారు. స్పానిష్‌లో ఆ మాటకి పిల్లవాడని అర్థం, వాళ్ల మనసులో ఉన్నది బాలయేసు. 2023లో ఆ ఎల్ నీనోకి, ఏటా పెరుగుతున్న భూతాపం తోడై, ప్రపంచం మొత్తం మీద చూస్తే అప్పటిదాకా రికార్డుల్లో లేనంత వేడి డిసెంబరు వచ్చింది. అందుకని ఈ ఒక్క ఏటికి ఎలాగోలా గడిపేద్దాం అనుకోకు. ఇప్పుడు నేర్చుకుంటే మళ్లీ పనికొస్తుంది.

నేను బాగా ఆలస్యంగా తెలుసుకున్నది ముందే చెప్పేస్తాను. పండుగనాడు బయటి ఎండకన్నా ఇంట్లో మనం పుట్టించే వేడే ఎక్కువ బాధపెడుతుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. ఇరవైమంది హాల్లో చేరితే 2,000 వాట్లు. పెద్ద రూమ్ హీటరు ఒకటి పెట్టి తలుపులేసినట్టే. పక్కన వంటింట్లో మధ్యాహ్నమంతా ఓవెన్ మండుతుంటే అది రెండో హీటరు. ఎంతమందికి ఎన్ని బియ్యం పొయ్యాలో లెక్కేసుకుంటాం కదా, ఈసారి వేడిని కూడా అలాగే లెక్కేసుకో. ఏ పని ఎంత వేడి పుట్టిస్తుంది, దాన్ని తెల్లవారుజామున కానిచ్చెయ్యొచ్చా, ముందురోజే ముగించొచ్చా, అసలు మానెయ్యొచ్చా అని ఒక్కొక్కటే చూసుకో.

అన్నిటికన్నా ముందు పెద్ద భోజనాన్ని మధ్యాహ్నం నుంచి పొద్దుగూకాకకి మార్చు. ఈ ఒక్క మార్పుతో సగం బరువు దిగిపోతుంది. మధ్యాహ్నం వచ్చినవాళ్లకి కోసిన పళ్లు, చల్లగా తాగడానికి ఏదైనా ఇవ్వు, చాలు. రాత్రికి కూడా వేడివేడిగా తినాల్సిన వంటకం ఒక్కటే పెట్టుకో. మాంసం ముందురోజు తెల్లవారుజామున ఓవెన్‌లో కాల్చి, ఫ్రిజ్‌లో పెట్టి, పండుగనాడు చల్లగానే పలచగా కోసి వడ్డించు. చల్లబడిన మాంసం కత్తికి బాగా లొంగుతుంది కూడా. గడ్డకట్టిన పెద్ద ముక్క కొంటే దాన్ని వంటింటి గట్టు మీద పెట్టి కరగనివ్వకు. లోపల ఇంకా రాయిలా ఉండగానే పైన మెత్తబడి క్రిములు పెరగడం మొదలవుతుంది. ఫ్రిజ్‌లోనే కరగాలి, రెండు కిలోలకి ఒక రోజు చొప్పున. ఆరు కిలోలదైతే మూడు రోజులు పడుతుంది. 24 పొద్దున్న కాల్చాలంటే 21 పొద్దున్నే ఫ్రీజర్‌లోంచి కింది అరలోకి దించు, కింద ఒక పళ్లెం పెట్టు, నీళ్లు మిగతా వాటి మీద కారకుండా.

తిండి దగ్గర మాత్రం నా మాట గట్టిగా పట్టుకో. వండినది 5 డిగ్రీలకీ 60 డిగ్రీలకీ మధ్య ఉన్నంతసేపూ అందులో క్రిములు జోరుగా పెరుగుతాయి. మామూలు రోజుల్లో బయట రెండు గంటలకి మించి ఉంచకూడదు. గదిలో వేడి 32 దాటితే ఒక్క గంటే. ఏటా చలిలో టేబుల్ మీద రాత్రిదాకా ఉండిపోయిన గిన్నెలు ఎవరినీ ఏమీ చెయ్యలేదు కాబట్టి ఈసారీ చెయ్యవని అందరూ అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. మా పెళ్లయిన మూడో ఏడు, ఇలాంటి డిసెంబరే. రాత్రి ఆరాధనకి వెళ్లే హడావిడిలో, పాలతో చేసిన పుడ్డింగు పెద్ద గిన్నెడు టేబుల్ మీదే వదిలి, మూతపెట్టి వెళ్లిపోయాను. మూడు గంటల తర్వాత తిరిగొచ్చాం. మూత తియ్యగానే చిన్న పులుపు వాసన. మా అత్తగారు ఒక చెంచా నోట్లో పెట్టుకుని, ఏమీ అనకుండా, గిన్నె తీసుకెళ్లి సింకు దగ్గర పెట్టి, "బిస్కెట్లు ఉన్నాయా?" అని మాత్రం అడిగారు. ఆవిడ తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్ని. చర్చికి బయల్దేరే ముందు టేబుల్ ఖాళీగా ఉందో లేదో చూసే పని ఇంట్లో ఒక్కరికి అప్పగించు. అది అల్లుడుగారికే ఇవ్వు, వెతికి వెతికి చూసే మనిషి.

వేడి కూరని పెద్ద గిన్నెతో పళంగా ఫ్రిజ్‌లో తోసెయ్యకు. నడిమధ్యలో అది గంటలకొద్దీ వెచ్చగానే ఉంటుంది, చుట్టూ ఉన్నవాటిని కూడా వేడెక్కిస్తుంది. వెడల్పు గిన్నెల్లో నాలుగైదు సెంటీమీటర్ల లోతున పరిచి, కింద చల్లటి నీళ్ల పళ్లెం పెట్టి ఆరనిచ్చి, రెండు గంటల్లోపు లోపల పెట్టు. అన్నం విషయంలో ఇంకా జాగ్రత్త. వండినా చావని కొన్ని క్రిముల బీజాలు అందులో ఉంటాయి, బయట వదిలేస్తే అవి పెరిగి విషం వదులుతాయి, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. ఫ్రిజ్‌ని కిక్కిరిసి నింపకు, గాలి ఆడకపోతే అది చల్లబరచలేదు. పండుగనాడు దాని తలుపు అస్తమానం తీసేది కూల్‌డ్రింకుల కోసమే. వాటిని ఐసు నింపిన వేరే డబ్బాలోకి మార్చి, పిల్లలకి అందేచోట పెట్టెయ్యి. ఫ్రిజ్‌ని మాంసానికీ పాలకీ వదిలెయ్యి.

ఇక నీ నిద్ర పాడుచేస్తున్న కేకు. ఎండు పళ్లు నానబెట్టి చేసే ముదురు కేకు ఈ వారమే చేసిపెట్టేసుకో. చక్కెర, ఎండు పళ్లు ఎక్కువ, తడి తక్కువ, అందుకే అది వారాలు నిలుస్తుంది, నిలిచినకొద్దీ రుచి పెరుగుతుంది. పూర్తిగా చల్లారాకే చుట్టిపెట్టు. గోరువెచ్చగా ఉండగా చుడితే లోపల చెమ్మ పట్టి, ఈ వేడిలో బూజు వచ్చేస్తుంది. పైన వెన్నతో చేసే క్రీము మాత్రం మానెయ్యి. వెన్న 30 డిగ్రీలు దాటితే జారిపోతుంది. నువ్వు పంచదార గులాబీలు చెక్కి చూపించాలనుకుంటున్నావని నాకు తెలుసు, మీ ఆడపడుచు కూడా వస్తోందని కూడా తెలుసు. అయినా సరే. గుడ్డు తెల్లసొనతో, పొడి చక్కెరతో చేసే గట్టి పూత ఎండుతుంది కానీ కరగదు. తెల్లసొన పచ్చిది కాకుండా పాశ్చరైజ్ చేసినది వాడు. చాక్లెట్లు బహుమతిగా కొంటే కార్లో వదలకు. ఒకసారి కరిగి మళ్లీ గట్టిపడితే పైన తెల్లటి పొర వస్తుంది. చెడిపోయినట్టు కాదు, కానీ ఇచ్చేవాళ్ల ముఖం చిన్నబోతుంది.

చెట్టు నిజమైనది తెస్తానన్నావు. అయితే తొందరపడకు, పండుగకి పదిరోజుల ముందు చాలు. వేడిలో ముందే తెచ్చినది 25కి సూదుల్లాంటి ఆకులన్నీ రాలుస్తుంది. కొనేటప్పుడు కొమ్మని వేళ్ల మధ్య పట్టి లాగి చూడు, ఆకులు చేతికి ఊడివస్తే వదిలెయ్యి. నరికిన చోట జిగురు కారి మొదలు మూసుకుపోతుంది కాబట్టి, నిలబెట్టేముందు అడుగున ఒకటి రెండు సెంటీమీటర్లు కొత్తగా కోయించి వెంటనే నీళ్లలో పెట్టు. పది సెంటీమీటర్ల లావు మొదలున్న చెట్టు రోజుకి మూడు నాలుగు లీటర్లు తాగగలదు. తొట్టెలో నీళ్లు ఒక్కసారి కోతకి దిగువకి పోతే మళ్లీ జిగురు కడుతుంది. లోపలికి తెచ్చేముందు బయట నాలుగుసార్లు దులుపు, చలికి నిద్రపోయిన పురుగులు వెచ్చగా ఉంటే లేచొస్తాయి. ఎండ పడే కిటికీ పక్కన పెట్టకు. పాత సీరియల్ బల్బులు ఉంటే ఇచ్చెయ్యి, ఎల్‌ఈడీవి కొను. వేడి లెక్కలో అదీ ఒక పద్దే, పైగా ఎండిన చెట్టుకి కాలే బల్బు ఆనడం మంచిది కాదు.

బాలయేసు పుట్టిన పశువుల పాకని బొమ్మలతో కట్టేటప్పుడు గడ్డిలో కొవ్వొత్తి పెట్టొద్దు, బ్యాటరీ దీపం పెట్టు. టేబుల్ మీదికైనా సన్నగా పొడుగ్గా ఉండే కొవ్వొత్తులు వద్దు, వేడికి సాయంత్రానికల్లా నడుం వంచేస్తాయి. పొట్టివి, లావువి తీసుకో. పాక మీద మంచు కోసం దూది పరుస్తావా అని అడిగావు. నీ ఇష్టం. నాకైతే ఎప్పుడూ నచ్చలేదు. లూకా సువార్తలో మంచు మాటే లేదు, రాత్రివేళ పొలంలో మందని కాసుకుంటున్న కాపరులున్నారు, పొత్తిగుడ్డలున్నాయి, పశువుల తొట్టి ఉంది. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్లో అస్సీసీ పునీత ఫ్రాన్సిస్ గారు మొదటి పాక ఏర్పాటు చేసినప్పుడు కూడా ఎండుగడ్డి, ఎద్దు, గాడిదే తెప్పించారు. దూది మిగిలితే తాతగారి చెవుల్లోకి పనికొస్తుంది, పిల్లలు పాటలు మొదలుపెట్టాక.

శాంటా వేషం గురించి ఒక్క మాట. ఒక ఏడాది మీ బాబాయి ఆ ఎర్ర కోటు, పొట్టమీద దిండు, గడ్డం వేసుకుని ఉక్కపోతలో అరగంట బహుమతులు పంచాడు. చివరి బహుమతి ఇస్తూ ఇస్తూ అలాగే సోఫాలోకి కూలబడ్డాడు. పిల్లలు అది కూడా ఆటే అనుకుని చప్పట్లు కొట్టారు. వేషం పది నిమిషాలకి మించొద్దు, ముందు రెండు గ్లాసుల నీళ్లు తాగించు, లోపల పలచని బనీను చాలు. ఇంట్లో అందరికన్నా పెద్దవాణ్ణి ఆ వేషానికి ఎంచుకోకు.

పెద్దవాళ్లకి దాహం తెలియదమ్మా. అడిగితే వద్దంటారు. అడక్కుండా గంటకోసారి చేతికి గ్లాసు ఇవ్వు. నీరు తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్లుంటే వాళ్ల పిల్లల్ని ముందే కనుక్కో. ఒక గది ఎవరూ గుంపుగా చేరకుండా, కర్టెన్లు వేసి, చల్లగా ఉంచు. చంటిపిల్లలూ తాతమ్మలూ అక్కడ కాస్త నడుం వాలుస్తారు. మిగతా ఇంటికి పగలు ఎండ తగిలే వైపు కిటికీలు మూసి, బయట లోపలికన్నా చల్లబడ్డాక ఎదురెదురు కిటికీలు తెరువు. దోమలకి మెష్ ఉందో లేదో ముందే చూసుకో. బట్టల సంగతి ఎవరికి వాళ్లకి వదిలెయ్యి, కొత్త స్వెట్టరు కొనుక్కున్నవాళ్లు ఎలాగూ ఫొటోకి వేసుకుని తీసేస్తారు.

అన్నిటికన్నా కష్టం ఇవేవీ కావు. "మా ఇంట్లో మధ్యాహ్నమే భోజనం" అని మీ అత్తగారు అంటారు. ఆ మాట ఆవిడ 25నాడు నలుగురిలో అనకముందే, ఇప్పుడే వెళ్లి చెప్పు. చెప్పడమంటే తీర్పు చెప్పినట్టు కాదు. "అత్తయ్యా, ఓవెన్ పెడితే హాల్లో కూర్చోలేకపోతాం, రాత్రికి మారిస్తే ఎలా ఉంటుంది?" అని అడుగు. అడిగి, ఆవిడ ఏటా చేసే వంటకం ఒక్కటి మాత్రం ఆవిడ చేతులతోనే, ఆవిడ చెప్పిన వేళకే చేయించు. వేడి లెక్కలో ఆ ఒక్కటీ ఎక్కువైనా ఫర్వాలేదు, ఆ మంట నేను ఒప్పుకుంటాను.

నేను 23 సాయంత్రానికి వస్తాను. మంచం నాకక్కర్లేదు, ఫ్యాను కింద చాప చాలు.

నీ పెద్దమ్మ

తా.క. ఐసు గడ్డలు ఇవాళే మొదలుపెట్టు. ట్రే గట్టిపడగానే సంచిలోకి దులిపి మళ్లీ నింపు. ఇరవైమందికి రెండు ట్రేలు ఏ మూలకీ రావు.