స్టేడియం బాండ్లలో పాప కాలేజీ డబ్బు పెట్టొచ్చా?

ప్రశ్న: మేం అమెరికాలో, కాన్సస్ రాష్ట్రంలోని ఓవర్‌లాండ్ పార్క్‌లో ఉంటాం. చీఫ్స్ ఫుట్‌బాల్ జట్టు కొత్త స్టేడియం కోసం స్టార్ బాండ్లు వస్తాయని, అవి కొందామని మావారు పట్టుబడుతున్నారు. ‘ప్రభుత్వ బాండ్లే కదా, డబ్బెక్కడికి పోతుంది? వడ్డీకి ట్యాక్స్ కూడా ఉండదు’ అంటారు. పాప నాలుగేళ్లలో కాలేజీలో చేరుతుంది. తన చదువుకని దాచిన 60,000 డాలర్లు ఇందులో పెడదామంటున్నారు. ఆ తర్వాత మేం హైదరాబాద్ వచ్చేయాలనుకుంటున్నాం. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఆ డబ్బు మాత్రం ఇందులో పెట్టకండి. మీవారు ‘ప్రభుత్వ బాండ్లు’ అన్నారు చూశారా, చిక్కంతా అక్కడే ఉంది.

2024 ఏప్రిల్‌లో సరిహద్దుకు అవతల, చీఫ్స్ ఇప్పుడు ఆడుతున్న మిస్సోరీలోని జాక్సన్ కౌంటీ ఓటర్లను స్టేడియాల కోసం 40 ఏళ్లపాటు సేల్స్ ట్యాక్స్ కట్టమని అడిగితే 58 శాతం మంది వద్దన్నారు. రెండు నెలలకే కాన్సస్ తన చట్టం మార్చి, స్టేడియం ఖర్చులో 70 శాతం దాకా స్టార్ బాండ్ల ద్వారా ఇవ్వడానికి దారి తెరిచింది. 2025 డిసెంబర్‌లో చీఫ్స్ జట్టు కాన్సస్‌లోని వయాండాట్ కౌంటీకి వస్తామని ప్రకటించింది.

ఈ బాండ్ల అప్పు తీర్చేది రాష్ట్ర ఖజానా కాదు. ఒక ప్రాంతాన్ని గీత గీసి గుర్తిస్తారు. ఆ గీత లోపలి షాపులు, హోటళ్లలో అమ్మకాలు పెరిగితే, ప్రధానంగా ఆ పెరిగిన మేరకు వచ్చే సేల్స్ ట్యాక్స్‌తో వడ్డీ, అసలు కడతారు. అమ్మకాలు పెరగకపోతే మిగతాది కట్టాల్సిన బాధ్యత రాష్ట్రానికి లేదు.

దీనికి రెండు ఉదాహరణలూ మీ చుట్టుపక్కలే ఉన్నాయి. వయాండాట్‌లో కార్ల రేస్ ట్రాక్ పక్కన లేచిన విలేజ్ వెస్ట్ అనే షాపింగ్ ప్రాంతం బాండ్లు గడువుకు ముందే తీరిపోయాయి. అక్కడ నెబ్రాస్కా ఫర్నిచర్ మార్ట్ లాంటి పెద్ద షాపులున్నాయి, జనం ఏడాది పొడవునా సోఫాలు, ఫ్రిజ్‌లు కొనుక్కెళ్తారు. ఇక మీ ఊళ్లోనే స్టార్ బాండ్లతో కట్టిన ప్రెయిరీఫైర్ అనే షాపింగ్ సముదాయం సంగతి చూడండి. మ్యూజియం, రెస్టారెంట్లు అన్నీ కట్టారు, కానీ అనుకున్నంత అమ్మకాలు రాలేదు. 2023 డిసెంబర్‌లో గడువుకు అసలు కట్టలేకపోయారు. ఫుట్‌బాల్ జట్టు సొంత మైదానంలో ఆడే లీగ్ మ్యాచ్‌లు సీజన్‌కు ఎనిమిదో తొమ్మిదో. మిగతా రోజుల్లో ఆ షాపుల్లో బిల్లింగ్ జరుగుతుందా లేదా అన్నదాని మీదే చాలావరకు ఈ బాండ్లు కొన్నవాళ్ల డబ్బు ఆధారపడుతుంది.

గడువు విషయం ఇంకా ముఖ్యం. ఇవి ఏళ్ల తరబడి సాగే బాండ్లు. మీకు డబ్బు కావాల్సింది నాలుగేళ్లలో. ఇలాంటి బాండ్లకు కొనేవాళ్లు తక్కువ. అప్పటికి వడ్డీ రేట్లు పెరిగి పాత బాండ్ల ధర పడిపోయి ఉంటే, ఫీజు కట్టాల్సిన నెలలో నష్టానికి అమ్ముకోవాల్సి వస్తుంది. పాప అడ్మిషన్ లెటర్ చేతిలో పెట్టుకుని మీ ఇద్దరూ ఆ లెక్కలు వేసుకోవడం నాకు ఊహించుకోవడానికే కష్టంగా ఉంది.

ట్యాక్స్ లేదన్న మాటా పూర్తిగా నమ్మొద్దు. స్టార్ బాండ్లలో ట్యాక్స్ పడేవీ ఉంటాయి, కాబట్టి ఏ రకమో ముందే అడగాలి. ట్యాక్స్ లేని రకమే అయినా, మీరు హైదరాబాద్ వచ్చాక విదేశీ ఆదాయం మీద ఇక్కడ పన్ను పడని మొదటి రెండు మూడేళ్ల వెసులుబాటు అయిపోతే, ఆ వడ్డీ ఇక్కడ మీ ఆదాయంలో కలుస్తుంది. అమెరికాలో దాని మీద పన్ను కట్టి ఉండరు కాబట్టి ఇక్కడ మినహాయించుకోవడానికీ ఏమీ ఉండదు.

పాప అమెరికాలోనే చదివేట్టయితే ఆ డబ్బును 529 ప్లాన్‌లో, అంటే అమెరికాలో పిల్లల చదువు కోసమే ఉన్న పొదుపు ఖాతాలో, షేర్లు తక్కువగా ఉండే ఆప్షన్‌లో పెట్టండి. భార్యాభర్తలు కలిసి రిటర్న్ వేస్తే ఒక్కో పిల్లకు ఏడాదికి 6,000 డాలర్ల దాకా కాన్సస్ ఆదాయం నుంచి తగ్గించుకోవచ్చు. అందుకే మొత్తం ఒకేసారి వేయకుండా ఏటా కొంత వేయండి. మిగతాది ఫీజు కట్టే సంవత్సరాలకు సరిపోయేలా అమెరికా కేంద్ర ప్రభుత్వమే జారీ చేసే ట్రెజరీ బిల్లులు, నోట్లలో ఉంచండి. వాటి వడ్డీకి రాష్ట్ర ట్యాక్స్ ఉండదు.

మీవారికి ఈ జట్టంటే ప్రాణమని నాకు అర్థమైంది. బాండ్లు అమ్మకానికి వచ్చినప్పుడు బ్రోకర్‌ దగ్గర ఆఫరింగ్ డాక్యుమెంట్ తీసుకుని, ‘ఈ అప్పు ఎవరు తీరుస్తారు’ అని ఉన్న పేజీని ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదవండి. చదివాక కూడా ఆయనకు కొనాలనే ఉంటే, పాప డబ్బు జోలికి పోకుండా, పోయినా ఇల్లు కదలనంత చిన్న మొత్తం తన సొంత పొదుపులోంచి పెట్టుకోమనండి.