డాక్టర్ సలహా: పదమూడేళ్ల బాబు పొట్టిగా ఉన్నాడు, ఇక పెరుగుతాడా?

ప్రశ్న: మా బాబుకు 13 ఏళ్లు నిండాయి. ఎత్తు 143 సెంటీమీటర్లు. ఏడాది క్రితం 138 ఉన్నాడు. వాళ్ల నాన్న ఎత్తు 165, నాది 152. మా ఆడపడుచు కొడుకు వీడికంటే రెండు నెలలు చిన్న, అప్పుడే వాళ్ల నాన్న భుజం దాటాడు. నా పోలిక వచ్చిందని ఇంట్లో అంటున్నారు. టీవీలో చూపించే పొడి వాడమంటున్నారు. ఎత్తు వంశాన్ని బట్టే వస్తుందా? మేం చేయగలిగింది ఏమైనా ఉందా?
– ఒక తల్లి, కావలి

జవాబు: అమ్మా, మీరు రాసిన అంకెల్లో నాకు బాగా పనికొచ్చింది ఏడాది కిందటి 138. ఏడాదిలో 5 సెంటీమీటర్లు పెరిగాడు. నాలుగేళ్లు దాటినప్పటి నుంచి యుక్తవయసు వచ్చేదాకా పిల్లలు ఏటా పెరిగేది 5, 6 సెంటీమీటర్లే. 143 అంటే ఈ వయసు సగటుకు తక్కువే, కానీ భయపడాల్సినంత తక్కువ కాదు.

మీ ఆడపడుచు కొడుక్కి బహుశా యుక్తవయసు ముందే మొదలై ఉంటుంది. ఆ దశలో మగపిల్లలు ఒక్క ఏడాదిలోనే 9, 10 సెంటీమీటర్లు పెరుగుతారు. ముందు మొదలైనవాళ్లకు పెరుగుదల ముందే ఆగుతుంది కూడా. మీవారు ఇంటర్ చదివే రోజుల్లో ఒక్కసారిగా పెరిగారేమో అడగండి. ఆలస్యంగా ఎదగడం చాలా ఇళ్లలో తండ్రి నుంచో తల్లి నుంచో వస్తుంది.

ఇక వంశం సంగతి. తిండికి లోటు లేని సమాజాల్లో మనిషికీ మనిషికీ ఎత్తులో కనిపించే తేడాలో సుమారు 80 శాతం జన్యువుల వల్లే. అలాగని ఎత్తును నిర్ణయించే జన్యువు ఏదో ఒకటి ఉండదు. 2022లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో 54 లక్షల మంది జన్యు సమాచారం చూస్తే, ఎత్తుతో సంబంధమున్న తేడాలు 12 వేలకు పైగా కనిపించాయి. అవి తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ సగం సగం వస్తాయి. మీ పోలికేనని నింద మీ మీద వేసేవారికి ఈ మాట గట్టిగా చెప్పండి.

పెద్దయ్యాక పిల్లల ఎత్తు ఎంత ఉండొచ్చో అంచనా వేయడానికి తల్లిదండ్రుల ఎత్తులు కూడి, మగపిల్లవాడైతే 13 కలిపి, ఆడపిల్ల అయితే 13 తీసేసి, సగం చేస్తాం. మీ బాబుకు 165 వస్తుంది. అటూ ఇటూ ఎనిమిది సెంటీమీటర్లు తేడా ఉండొచ్చు.

అయితే ఈ లెక్కలో ఒక లొసుగు ఉంది. చిన్నప్పుడు మీకు కడుపునిండా పాలు, గుడ్లు దొరికాయా? దొరక్కపోతే మీ 152 మీ జన్యువుల పూర్తి ఎత్తు కాకపోవచ్చు. ఒంగోలు జాతి దూడకైనా పాలు, మేత చాలకపోతే ఆ ఎత్తు, ఆ మూపురం రావు కదా. దక్షిణ కొరియా మహిళల సగటు ఎత్తు నూరేళ్లలో 20 సెంటీమీటర్లు పెరిగింది. అంత తక్కువ కాలంలో జన్యువులు మారిపోవు. మారింది తిండి, నీరు, వైద్యం. మీ బాబు మిమ్మల్ని దాటిపోవడానికి ఈ దారి తెరిచే ఉంది.

పొడి వద్దమ్మా. అందులో చాలా భాగం పిండి, చక్కెర. ఆ డబ్బుతో రోజూ గుడ్డు, పాలు, పప్పు పెట్టండి. సముద్రం పక్కనే ఉన్నారు, చేపలు తినే ఇల్లయితే కానాగంతలు, నెత్తళ్లు పెట్టండి. బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర మానొద్దు. కమ్మీకి వేలాడితే ఎముకలు సాగవు. కనిగిరి, పొదిలి వైపు తల్లిదండ్రులు తాగునీటిలో ఫ్లోరైడ్ సంగతి కూడా చూసుకోవాలి. అది ఎక్కువైతే కాళ్లు వంకరపోవచ్చు.

నిద్ర గురించి మాత్రం బతిమాలి చెబుతాను. పెరుగుదల హార్మోను ఎక్కువగా గాఢనిద్రలోనే ఊరుతుంది. హాస్టల్ నుంచి సెలవులకు వచ్చిన ఒక పిల్లవాడు నా దగ్గర ఎత్తు కొలిచే స్టాండుకు ఆనుకునే కునికిపాట్లు పడ్డాడు. రాత్రి పదకొండు దాకా చదువు, తెల్లవారి అయిదింటికి లేపడం. ఈ వయసుకు ఎనిమిది గంటలకు తగ్గకుండా నిద్ర కావాలి.

ఏడాదికి 4 సెంటీమీటర్లు కూడా పెరగకపోయినా, 14 నిండినా వృషణాలు పెరగడం మొదలుకాకపోయినా, తరచూ విరేచనాలు, తలనొప్పి ఉన్నా పిల్లల డాక్టరుకు చూపించండి. ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీస్తే ఎముకల వయసు తెలుస్తుంది. థైరాయిడ్ పరీక్ష కూడా చేస్తారు. హార్మోను ఇంజెక్షన్లు పరీక్షల్లో అవసరమని తేలినవారికే.

ఆరు నెలల తర్వాత మళ్లీ కొలవండి. ఉదయం పూట, చెప్పులు లేకుండా, మడమలు, వీపు గోడకు ఆనించి, తల మీద అట్టపుస్తకం అడ్డంగా పెట్టి గీత గీయండి. సాయంత్రానికి మనిషి ఒక సెంటీమీటరు దాకా తగ్గుతాడు, కాబట్టి వేళ మార్చొద్దు. ఆ అంకెను 138, 143 పక్కన రాసి నాకు పంపండి.